హారిస్ పార్కు పాత ఇండ్లు

వరండా, బంగళా అనే మాటలు మన ఇండ్లలో నిత్యం వినబడేవే. ఇంగ్లీషువారు వీనిని మన దేశంలో నేర్చుకొని తమ నిఘంటువులలో చేర్చుకొన్నారు. ఇంటి ముందు చూరు దింపి, స్తంభాలు నిలిపి, ఎండా వానా తగలకుండ కూర్చొనుటకు నీడపట్టు ఏర్పరచటం వారి చలిదేశంలో అంతగా అవసరం లేని పని. తూర్పుదేశాలలో ఆ సుఖం మరిగిన తరువాత, వెళ్ళిన ప్రతి వేడిదేశానికీ దానిని వెంటబెట్టుకొని పోయినారు. 18వ శతాబ్ది చివరి భాగంలో ఆస్ట్రేలియా తూర్పుతీరాన వెలసిన క్రొత్త వలసలో కూడ ఈ వరండా కాలు మోపినది. నేడు ఆ దేశంలో పాత ఇల్లు అనగానే ముందుగా కంటికి కనబడేది వరండాయే.

అటువంటి పాత ఇండ్లు కొన్ని ఒక చిన్న పేటలో, దాని అంచులలో, ఇంచుమించు నడకదూరంలో నిలిచి యున్నవి. ఆ పేట పేరు హారిస్ పార్కు. సిడ్నీ నగర కేంద్రానికి పడమరగా సుమారు 23 కిలోమీటర్ల దూరంలో, పారమాటా అనే మరొక పెద్ద కేంద్రాన్ని ఆనుకొని యున్నది. ఒక పూటలో కాలినడకను చుట్టి రాదగినంత స్థలమే. అయినను ఆ దేశంలో యూరోపియనుల వ్యవసాయం, ఉన్ని వ్యాపారం, గృహనిర్మాణం, ఇవన్నీ నడక నేర్చినది ఈ ప్రాంతంలోనే. ఈ ఇండ్ల కథ చెప్పవలసివచ్చినప్పుడు సాధారణంగా యజమానుల కథ చెప్పుతారు. కాని కొంచెం నిదానించి చూచినచో, ఈ ఇండ్లు రెండు శతాబ్దాలపాటు నిలిచినది వానికి పేరిచ్చిన వారివలన కంటె, వానిని కనిపెట్టుకొని యున్నవారివలననే అని తోచగలదు.

మొదట నేల సంగతి. ఇంగ్లీషువారు రాకముందు ఈ నదీతీరం దారుగ్ జాతిలో ఒక శాఖయైన బుర్రమట్టగల్ జనులది. సముద్రపు పోటునీరు, ఏటి మంచినీరు కలిసే చోటు ఇది. ఇక్కడ మలుగుచేపలు సమృద్ధి. పారమాటా అనే పేరు ఆ జనుల మాటలో నుండి వచ్చినదే. దానికి మలుగులుండే తావు అని అర్థం చెప్పుతారు. వారు ఇటుకతో ఇండ్లు కట్టలేదు. కాబట్టి నేడు వారసత్వపు పట్టికలలోని పాత ఇండ్లలో వారి ఇల్లు ఒక్కటియు లేదు. అంతమాత్రాన ఈ నేలకు చరిత్ర 1788తో ఆరంభమైనదని అనుకొనరాదు. 1789లో మశూచివంటి వ్యాధి వ్యాపించి సిడ్నీ పరిసరాల ఆదివాసులలో అనేకులు మరణించినారు. మిగిలినవారు తమ భూములు పోవుట చూచి ఊరకుండలేదు. 1797లో పెముల్‌వుయ్ అనే వీరుడు తన అనుచరులతో పారమాటా మీదికి వచ్చి సైనికులతో పోరాడినాడు. తుపాకిగుండ్లు తగిలి పట్టుబడి, కాలికి సంకెలతోనే తప్పించుకొని పోయినాడు. 1802లో ఆయనను కాల్చి చంపినారు. మనం చెప్పుకొనబోయే ఇండ్లన్నీ ఈ పోరాటం జరిగిన నేల మీద లేచినవే.

ఇంగ్లీషు ప్రభుత్వం 1788 జనవరిలో సిడ్నీ రేవున దింపిన జనులలో అధికసంఖ్యాకులు ద్వీపాంతరశిక్ష పడిన ఖైదీలు. సిడ్నీ నేల ఇసుక, పంట పండలేదు. అందుచేత ఆ సంవత్సరం నవంబరులో గవర్నరు ఆర్థర్ ఫిలిప్ నది వెంట పడమరకు పోయి, మంచి మన్ను గల చోట రెండవ వలసను నెలకొల్పినాడు. అదియే పారమాటా. తిండికి కరువుగా ఉన్న రోజులవి. 1792లో అట్లాంటిక్ అనే ఓడ కలకత్తా నుండి బియ్యం, రవ్వ, పప్పు తెచ్చి ఆదుకొన్నది. మన పప్పుబియ్యం ఆ దేశపు తొలి వలసవారి ఆకలి తీర్చినవనే విషయం మన శ్రోతలు గమనింపదగినది.

ఆ కరువు రోజులలో ఫిలిప్ ఒక ప్రయోగం చేసినాడు. ఒక మనిషికి కొంత నేల, పనిముట్లు, విత్తనాలు ఇచ్చినచో, ప్రభుత్వపు కొట్టు మీద ఆధారపడకుండ ఎంతకాలానికి తన కాళ్ళ మీద నిలువగలడో తెలిసికొనవలెనని ఆయన ఉద్దేశం. అందుకు ఎన్నుకొన్నవాడు జేమ్స్ రూస్. కార్న్‌వాల్ ప్రాంతపు రైతుబిడ్డ. దొంగతనం నేరానికి శిక్షపడి మొదటి ఓడలలో వచ్చినవాడు. 1789 నవంబరులో ఆయనకు ఒకటిన్నర ఎకరం నేల, ఒక గుడిసె ఇచ్చినారు. రూస్ సేద్యపు పద్ధతిని వాట్కిన్ టెంచ్ అనే సైనికాధికారి స్వయంగా అడిగి తెలిసికొని గ్రంథస్థం చేసినాడు. కొట్టిన చెట్లను అక్కడనే కాల్చి ఆ బూడిదను నేలలో కలిపినాడు. నాగలి లేదు గనుక పారతో త్రవ్వి, గడ్డలు చితుకగొట్టి, గడ్డిని కలుపును మట్టిలోనే త్రొక్కి, ఎండకు గాలికి ఆరవిడిచి, విత్తబోయేముందు మరల తిరుగవేసినాడు. పశువుల ఎరువు దొరకని చోట ఒక రైతు చేయగలిగిన పని అంతయు ఆయన చేసినాడు. మన పల్లెలలోని రైతుకు ఇందులో తెలియనిది లేదు. కాని అధికారులకు అది క్రొత్త పాఠమైనది.

1791 ఫిబ్రవరి నాటికి తన తిండి తానే సంపాదించుకొనగలనని రూస్ గవర్నరుకు తెలియజేసినాడు. ఫిలిప్ మెచ్చి 30 ఎకరాలకు హక్కు ఇచ్చినాడు. ఆ వలసలో ఒక వ్యక్తికి ఇచ్చిన తొలి భూదానం ఇదియే. దానికి ఎక్స్‌పెరిమెంట్ ఫారం, అనగా ప్రయోగక్షేత్రం, అనే పేరు వచ్చినది. అయితే 1793లో రూస్ ఆ భూమిని 40 పౌన్లకు అమ్మివేసి, హాక్స్‌బరీ నదీతీరానికి తరలిపోయినాడు. తరువాతి జీవితంలో ఆయన గొప్ప ధనవంతుడు కాలేదు. 1837లో మరణించినాడు. ఈ దేశంలో తొలి ధాన్యపు గింజ నాటినది తానేనని, అక్షరాలు సరిగా కుదరని ఇంగ్లీషులో ఆయన సమాధిరాతి మీద చెక్కబడి యున్నది. ఆ మాట చెప్పించుకొనే హక్కు ఆయనకు కలదు.

కొన్నవాడు జాన్ హారిస్. న్యూ సౌత్ వేల్స్ దళంలో శస్త్రవైద్యుడు. ఈ పేటకు నిలిచినది ఈయన పేరే. హారిస్‌ను గూర్చి ఒక చమత్కారమైన సంగతి కలదు. 1803లో ఆయనను సైనిక న్యాయస్థానం ఎదుట నిలిపినారు. అభియోగపత్రంలో నేరం జరిగినది ఈ నెల అని వ్రాయవలసిన చోట పోయిన నెల అనే అర్థం గల అల్టిమో అనే లాటిన్ మాట పడినది. ఆ తేదీన ఏ నేరమూ జరుగలేదు గనుక కేసు నిలువలేదు. సంతోషించిన హారిస్ సిడ్నీలోని తన భూమికి అల్టిమో అనియే పేరు పెట్టినాడు. ఆ పేట నేటికీ ఆ పేరుతోనే యున్నది. ఆస్ట్రేలియాకు మన చుక్కలదుప్పిని తొలిసారిగా తెప్పించి పెంచినవాడును ఈయనే. 1813 నాటికి ఆయన వద్ద 400 దుప్పులుండెనని చెప్పుతారు.

ప్రయోగక్షేత్రపు గట్టు మీద హారిస్ కట్టించిన ఇల్లు నేటికీ నిలిచి యున్నది. ఇది 1790వ దశకపు ఇల్లని చాలకాలం అనుకొన్నారు. తరువాతి పరిశోధనలో 1835 ప్రాంతంలో కట్టినదని తేలినది. ఒంటి అంతస్తు, వాలుగా దిగివచ్చే కప్పు, ముందు విశాలమైన వరండా, క్రింద నేలమాళిగ. మేడలు, గోపురాలు లేవు. మన సీమలో తోటబంగళాలు చూచినవారికి ఈ ఇల్లు పరిచితంగానే కనబడుతుంది. రూస్ గుడిసె జాడ మాత్రం నేల మీద లేదు. పేటకు పేరు వైద్యునిది. రైతుకు దక్కినది ఒక వీథి పేరు.

ఇక్కడికి తూర్పుగా కొద్ది దూరంలో, నేటి రోజ్‌హిల్ పేటలో, ఎలిజబెత్ ఫారం ఉన్నది. ఇది మరింత పాతది. 1793లో జాన్ మకార్థర్ అనే సైనికాధికారికి 100 ఎకరాలు దానంగా లభించినవి. ఆయన ఆ సంవత్సరమే ఇటుకల ఇల్లు కట్టించి, భార్య ఎలిజబెత్ పేరు పెట్టినాడు. నాలుగు గదులు, ఒక హాలు, నేలమాళిగ. అప్పటికి వలసలో ఇటువంటి ఇల్లు బహు అరుదు. కట్టినవి ఖైదీల చేతులే. ఆస్ట్రేలియాలో నేటికీ నిలిచియున్న యూరోపియనుల కట్టడాలలో ఇంతకంటె పాత భాగాలు గల ఇల్లు మరొకటి లేదు. తరువాత కప్పును ముందుకు సాచి వరండా చేర్చినారు. ముంగిలిలోని ఆలివ్ చెట్టు ఆ దేశంలో కెల్ల పురాతనమైనదని ప్రసిద్ధి.

మకార్థర్ పేరు ఉన్ని వ్యాపారంతో ముడిపడి యున్నది. అందులోను మనకు కొంత పాలు కలదు. 1794లో ఆయన కలకత్తా నుండి వచ్చిన 60 బెంగాలు గొఱ్ఱెలను కొన్నాడు. వాని ఒంటిమీద ఉన్నికి బదులు వెంట్రుకలే. వానిని ఐర్లండు జాతి గొఱ్ఱెలతో కలిపి పెంచగా, పిల్లలకు వెంట్రుకలు ఉన్ని కలిసిన బొచ్చు వచ్చినది. మేలుజాతిని తెచ్చి మంచి ఉన్ని పండించవచ్చునన్న ఆలోచన తనకు అక్కడ పుట్టినదని ఆయనయే తరువాత చెప్పినాడు. 1797లో కేప్ నుండి వచ్చిన మెరీనో గొఱ్ఱెలతో ఆ పని సాగినది.

కాని ఆ మందలను నిలబెట్టినది ఎవరు? మకార్థర్ కలహప్రియుడు. 1801లో తన పై అధికారితో ద్వంద్వయుద్ధం చేసి ఇంగ్లండుకు పంపబడినాడు, 1805లో తిరిగివచ్చినాడు. 1808లో గవర్నరు బ్లైను పదవి నుండి దింపిన తిరుగుబాటులో ముఖ్యపాత్ర వహించి, 1809 నుండి 1817 వరకు మరల ఇంగ్లండులోనే ఉండవలసివచ్చినాడు. ఆ రెండుసార్లు కలిపి సుమారు 12 సంవత్సరాలు ఇల్లు, పొలం, మందలు, పనివారు, బిడ్డలు, లెక్కలు అన్నీ ఎలిజబెత్ చేతిమీదనే నడిచినవి. ఇంగ్లండులోని డెవన్ పల్లె నుండి పసిబిడ్డతో ఓడ ఎక్కి వచ్చిన యువతి ఆమె. ఉన్ని సంతకు పోయినప్పుడు కీర్తి భర్తకు వచ్చినది. గొఱ్ఱెల మంద చెదరకుండ చూచినది భార్య.

1820వ దశకం నుండి మకార్థర్ ఈ ఇంటిని పెంచి సొంపుగా తీర్చటానికి పూనుకొన్నాడు. ఆ పని ముగియకముందే ఆయనకు మతి చలించినది. భార్య మీద నిర్హేతుకమైన అనుమానాలు పెంచుకొన్నాడు. తన పేరు గల ఇంటికే ఎలిజబెత్ కొంతకాలం దూరమై యుండవలసివచ్చినది. 1834లో ఆయన మరణించినాడు. ఆమె ఆ తరువాత 16 సంవత్సరాలు జీవించి, 1850లో కన్నుమూసినది.

ఎలిజబెత్ ఫారానికి సమీపంలోనే హాంబుల్‌డన్ కుటీరం కలదు. 1824లో మకార్థర్ దీనిని పెనెలోప్ లూకాస్ అనే ఆమె కొరకు కట్టించినాడు. ఆమె 1805లో ఆ కుటుంబంతో వచ్చి, ఆడపిల్లలకు చదువు చెప్పినది. చదువు చెప్పిన ఉపాధ్యాయినికి వార్ధక్యంలో ఒక ఇల్లు కట్టియిచ్చుట ఆ కాలంలో తరచు జరిగే సంగతి కాదు. పెద్ద ఇంటి వైభవం దీనికి లేదు. కాని ఈ పరిసరాలలోని పాత ఇండ్లలో ఒక జీవితకాలపు సేవకు ప్రతిఫలంగా లేచినది ఇదొక్కటే.

19వ శతాబ్ది ఉత్తరార్ధంలో రైలు వచ్చినది. సిడ్నీకి రాకపోకలు సులభమైనవి. భూమికి ధర పెరిగినది. పెద్ద పెద్ద క్షేత్రాలు ముక్కలై స్థలాలుగా అమ్ముడుపోయినవి. 1881లో ఎలిజబెత్ ఫారం మకార్థర్ వంశంవారి చేతులు దాటినది. ఆ భూమిలో ఒక భాగం గుఱ్ఱపుపందెముల మైదానమైనది. హారిస్ పార్కులో పనివారు, చిన్న ఉద్యోగులు, వర్తకులు సన్నని స్థలాలలో ఇటుకతోను, పలకలతోను చిన్న ఇండ్లు కట్టుకొన్నారు. ప్రతిదానికి ముందు ఒక చిన్న వరండా, దాని అంచున చెక్కలోనో ఇనుములోనో అల్లిన జాలరు. విడివిడిగా చూచినచో వీనిలో గొప్ప ఏమియు లేదు. వరుసగా చూచినప్పుడు ఆ కాలపు సామాన్యుని బ్రతుకు కన్నుల ఎదుట నిలుస్తుంది.

పెద్ద ఇల్లు మాత్రం పాడుపడసాగినది. 1904లో విలియం స్వాన్ అనే ఆయన దానిని కొన్నాడు. స్థలం కోసం ఇంటిని పడగొట్టినచో ఆనాడు అడ్డుచెప్పే శాసనం లేదు. స్వాన్ కుటుంబంవారు దానిని పడగొట్టలేదు. శక్తికొలది మరమ్మతు చేసికొంటూ అక్కడనే నివసించినారు. ఆయన కుమార్తెలు 1968 వరకు, అనగా 64 సంవత్సరాలు, ఆ ఇంటిని కాపాడినారు. మకార్థర్ పేరు ప్రతి పాఠ్యపుస్తకంలోను ఉన్నది. స్వాన్ సోదరీమణుల పేరు ఎరిగినవారు తక్కువ. వారు లేనిచో నేడు మకార్థర్ ఇల్లు చూపటానికి ఉండేది కాదు.

ఆ తరువాత సంఘాలు, శాసనాలు రక్షణకు వచ్చినవి. 1945లో ఏర్పడిన న్యూ సౌత్ వేల్స్ నేషనల్ ట్రస్టు 1961లో ఎక్స్‌పెరిమెంట్ ఫారం ఇంటిని కొని, ప్రదర్శనశాలగా తీర్చినది. హాంబుల్‌డన్ కుటీరాన్ని స్థానిక చరిత్ర సంఘంవారు చూచుకొంటున్నారు. 1977లో రాష్ట్రప్రభుత్వం వారసత్వ శాసనం చేసినది. ఆ రాష్ట్రపు వారసత్వ పట్టికలో మొదటి సంఖ్య ఎలిజబెత్ ఫారానిదే. 1984లో అది ప్రదర్శనశాలగా ప్రజలకు తెరువబడినది. అక్కడి పద్ధతి ఒకటి మెచ్చదగినది. గదులకు అడ్డంగా త్రాళ్ళు కట్టరు. వచ్చినవారు కుర్చీలలో కూర్చొనవచ్చును, బల్లలు తాకవచ్చును, వరండాలో సేద తీరవచ్చును. ఇల్లు ఇల్లుగానే కనబడవలెనని వారి అభిప్రాయం.

కాని పట్టికలో పేరు చేరినంతమాత్రాన ఇల్లు బ్రతుకునను నమ్మకం లేదు. సమీపంలోని పారమాటాలో విల్లో గ్రోవ్ అనే పాత మేడ యుండెను. ఒక కాలంలో అది ప్రసూతి ఆసుపత్రి. ఆ ఊరివారు ఎందరో అక్కడ పుట్టినవారే. ఒక పెద్ద ప్రదర్శనశాల కొరకు ఆ స్థలం కావలసివచ్చినది. స్థానికులు న్యాయస్థానానికి వెళ్ళినారు. భవనకార్మికుల సంఘం దానిని కూల్చే పని చేయబోమని ప్రకటించినది. చివరకు 2021లో ఆ మేడను విప్పివేసినారు. ముక్కలు భద్రపరచి వేరొకచోట మరల కట్టగలమని ప్రభుత్వం చెప్పినది. చరిత్రను చూపే భవనం కోసం చరిత్ర గల భవనాన్ని తొలగించటం ఎంతవరకు న్యాయమని అక్కడివారు అడిగిన ప్రశ్న ఏ దేశానికైనను వర్తిస్తుంది. పాత దేవిడీలు, మండువాలోగిళ్ళు కూలి అపార్టుమెంట్లు లేచుట మనం ఎరుగని సంగతి కాదు.

హారిస్ పార్కు చిన్న ఇండ్లను కాపాడినది మరొక రకపు జనులు. 20వ శతాబ్ది ఉత్తరార్ధంలో లెబనాను నుండి వచ్చిన కుటుంబాలు ఇక్కడ స్థిరపడినవి. వారి పెద్ద చర్చి నేటికీ ఆ పేటలో ఉన్నది. వారి వెనుక భారతీయులు వచ్చినారు. చదువుకొనటానికి వచ్చిన యువకులు, ఉద్యోగులు, వర్తకులు. వారిలో మన తెలుగువారును గలరు. ఆ దినాలు సుఖంగా గడిచినవని చెప్పజాలము. 2009 జూన్ నెలలో, తమ మీద జరుగుతున్న దాడులకు నిరసనగా భారతీయ విద్యార్థులు ఈ పేట వీథులలోనే గుమిగూడినారు. అద్దెగదులలో నలుగురైదుగురు కలిసి నివసిస్తూ, రాత్రి పనులు చేసికొని ఒంటరిగా ఇల్లు చేరే పిల్లల భయం అది. 2023 మే నెలలో భారత, ఆస్ట్రేలియా ప్రధానమంత్రులు పాల్గొన్న సభలో ఇదే పేటకు లిటిల్ ఇండియా అనే పేరు ప్రకటితమైనది. ఈ రెండు సంఘటనల నడుమ 14 సంవత్సరాలు మాత్రమే గడిచినవి.

నేడు విగ్రామ్ వీథిలో నడిచినచో ఆ పాత ఇండ్లు అనేకం భోజనశాలలుగా కనబడతవి. నూరేళ్ళ క్రిందటి వరండాలలో బల్లలు వేసి దోసెలు వడ్డిస్తున్నారు. పాత ఇంటిలో ఇటువంటి వ్యాపారం చేయరాదనేవారు కొందరుండవచ్చును. చూరుకు దీపాల తోరణాలు, గోడకు రంగుల బోర్డులు తగిలించునప్పుడు పాత చెక్కపని చెడిపోకుండ చూచుకొనవలసిన మాట నిజమే. అయితే ఇల్లు ఖాళీగా పడియున్నచో చెదలు తినును. ధర పలికినచో యంత్రం వచ్చి పడగొట్టును. పొయ్యి వెలిగి, మనుషులు మసలుచున్న ఇంటికి కప్పు కారినచో మరునాడే బాగుచేసేవారుందురు.

ప్రయోగక్షేత్రమునకు, ఎలిజబెత్ ఫారానికి శాసనపు రక్షణయు, నిధులును ఉన్నవి. వీథివెంట నున్న చిన్న ఇండ్లకు పట్టణపు నియమాలు కొంతవరకే అండ. చుట్టూ పారమాటాలో ఎత్తయిన మేడలు లేస్తున్నవి. భూమి విలువ ఏటేట పెరుగుతున్నది. ఆ ఇండ్లు నిలుచుట, కూలుట ఇక మీదట అక్కడ కాపురం చేసేవారి ఇష్టాయిష్టాల మీద కూడ ఆధారపడి యుండును. వారిలో మనవారు పెక్కుమంది. తాము దోసె తినే వరండా ఏనాటిదో, ఆ గడపను ఎవరెవరు త్రొక్కినారో, ఆ నేల మొదట ఎవరిదో వారు తెలిసికొనవలెను. తమ పిల్లలకు చెప్పవలెను. బుర్రమట్టగల్ జనులను, రూస్‌ను, ఎలిజబెత్‌ను, స్వాన్ కుమార్తెలను ఎరిగిన పిల్లవాడు ఆ ఇంటి స్తంభం మీద మేకు దిగగొట్టేముందు ఒకసారి ఆలోచించును.